పుర్రచేతి పాళీ

ఒక మహాకావ్యం చెబుతాను, కూర్చోండి. ఇందులో అన్యాయం ఉంది, ఆయుధానికి సాన పట్టిన గురువు ఉన్నాడు, నిండు సభలో పరీక్ష ఉంది, తెల్లటి నేల మీద చిందిన నెత్తురు ఉంది. కాకపోతే ఆయుధం చిటికెనవేలి గోరంత పాళీ, సభ అంటే ఆరో తరగతి బి సెక్షను, చిందింది నీలం సిరా, చిందిన చోటు హాజరు పట్టీ. కాబట్టి కావ్యమేమీ కాదు. కూర్చున్నారు కదా, వినేయండి.

మొన్న పలాసలో గది మారుతూ పాత బిస్కెట్ల డబ్బా మూత తీస్తే, కిటికీలోంచి పొద్దస్తమానం వచ్చే జీడిగింజల కాల్పు వాసనని పక్కకి తోసేసి ఇంకో వాసన ముక్కుకి తగిలింది. కొంచెం తుప్పు, కొంచెం మందుల సీసా, కొంచెం వానకి తడిసిన పలక. ఎండిపోయిన సిరా అది. స్టాంపు కాగితం ముక్కలో చుట్టి మెరూన్ రంగు పెన్ను ఉంది. దాంతో కుడిచేతివాటం వాళ్లు రాయబోతే కాగితం చిరుగుతుంది. నాకు చిరగదు.

నాది పుట్టుకతో పుర్రచేతివాటం. మా ఊరు సంతబొమ్మాళి వైపు, కొబ్బరితోటలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట. అక్షరాభ్యాసం నాడు బియ్యం పళ్లెంలోకి నేను ఎడం చెయ్యి పెట్టానట, పంతులుగారు లాగేశారట, నేను మళ్లీ అదే పెట్టానట, చివరికి ముహూర్తం దాటిపోతోందని రెండు చేతులూ కలిపి పట్టుకుని ‘ఓం’ రాయించేశారట. అందుకే నా చదువు మొదట్నుంచీ కాస్త వంకరగా సాగిందని మా మామ్మ నమ్మకం. వేసవిలో జీడిమామిడి పళ్ల పులుపు వాసన తోటంతా అలుముకున్నప్పుడు, పనసతొనల జిగురు వేళ్లకి అంటి కొబ్బరినూనె రాసినా వదలనప్పుడు, కొబ్బరిమట్ట బ్యాటుతో ఇసకలో ఆడే రోజుల్లో, నా బంతి ఎటు దూసుకెళుతుందో ఎవరికీ తెలిసేది కాదు గనక రెండు జట్లూ నా కోసం కొట్టుకునేవి. ఆట అవగానే ఆ చెయ్యి వీపు వెనక్కి పోవాలి. ప్రసాదానికి చాపితే మామ్మ చిన్న దెబ్బ వేసేది, నొప్పెట్టేది కాదు, ప్రతిసారీ మర్చిపోకుండా వేసేది.

తాత టెక్కలిలో దస్తావేజులు రాసేవాడు. రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచలో ఆయన బల్ల. నేను చదివే బడి అక్కడికి నాలుగడుగుల దూరం. పొద్దున్న ఇద్దరం ఒకే బస్సులో వెళ్లి, సాయంత్రం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. మిగతా జనం కాలం మారితే దుప్పట్లు మార్చుకునేవారు, తాత పాళీ మార్చేవాడు. వానల్లో కాగితం చెమ్మెక్కి సిరా పాకుతుందని పాళీ చీలికని గోటి మీద నొక్కి బిగించేవాడు. ఎండల్లో సిరా కొనలోనే ఆరిపోతుందని గెడ్డం బ్లేడు ముక్కని చీలికలోకి దూర్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుక వాసి వెడల్పు చేసేవాడు. గీరుకునే పాళీని నున్నటి సానరాయి మీద ఎనిమిది అంకెలా తిప్పి, తీరానికి కొట్టుకొచ్చే సముద్రపు నురుగుని, అంటే బెండులా తెల్లగా ఉండే ఒక సముద్రజీవి ఎముకని, మెత్తగా నూరి ఆ పొడితో మెరుగు పెట్టేవాడు. వకీళ్లు, పంతుళ్లు, అందరి పెన్నులూ ఆయన దగ్గరికే. ఈ పనిని ఆయన బాగుచెయ్యడం అనేవాడు కాదు. ‘పాళీ దిద్దడం’ అనేవాడు. దసరాకి పాళీలన్నీ గోరువెచ్చటి నీళ్లలో కడిగి, తమలపాకు మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ బొట్టు పెట్టేవాడు. మామ్మ పూర్ణాలు, కొబ్బరిపాల పరవాన్నం ఎదురుగా పెట్టేది. భక్తికి లోటు లేదుగానీ కుంకం చీలికలోకి దిగి, పండగ మర్నాటి మొదటి దస్తావేజు కాస్త ఎర్రగా వచ్చేది.

ఆరో తరగతికి రాగానే మా క్లాసు మేష్టారు రెండు రూల్సు చెప్పారు. అందరూ ఇంకు పెన్నుతోనే రాయాలి. అందరూ కుడిచేత్తోనే రాయాలి. ఎడం చేత్తో రాసిన అర్ధసంవత్సరం పేపరు దిద్దనన్నారు. దిద్దకపోతే సున్నా. నేను కుడిచేత్తో ప్రయత్నించాను. తడి ఇసక మీద పీతలు పరిగెత్తినట్టుంది. తాత పెన్ను అడిగి తీసుకుని ఎడం చేత్తో రాశాను. ఆయన చేతిలో వెన్నలా జారే పాళీ, నా చేతిలో కాగితాన్ని తవ్వి, ఇరుక్కుని, తుళ్లి పక్క పిల్ల చొక్కా మీద చుక్కలు జల్లింది. మేష్టారు ఆ పేజీ పైకెత్తి క్లాసంతటికీ చూపించారు.

“చూశారా, పెన్నే వద్దంటోంది.”

నేను ఏడవలేదని రాయాలని ఉంది. ఏడిచాను. కాకపోతే ఎడం చేత్తోనే తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం బస్సు కోసం పంచలో కూర్చుంటే, తాత ఒక ముసలాయన చేత వేలిముద్ర వేయిస్తున్నాడు. భావనపాడు వైపు వేటకెళ్లే మనిషి, వలతాళ్లు లాగి లాగి అరచేతులు కాయలు కాశాయి. ఆయన కుడిచెయ్యి చాపాడు. తాత దాన్ని పక్కకి నెట్టి ఎడం బొటనవేలు పట్టుకున్నాడు.

“తాతా, ఏలిముద్రకి ఎడం సెయ్యే ఎందుకు?” అన్నాను.

“పనులు సేసి సేసి కుడిది అరిగిపోతాదే గుంటా. ఎడందే నిజం సెప్తాది.”

“మరి నిజం సెప్పీ సెయ్యి రాత్తే తప్పేటి?”

తాత ముద్ర వేయించడం ఆపేశాడు. ముసలాయన సిరా అంటిన వేలు గాల్లోనే పెట్టుకుని నవ్వాడు. “ఏటి బావా, గుంట నీ సేతే ఏలిముద్ర ఏయించీసింది గదా.”

తాత నవ్వలేదు. తెల్లకాగితం నా ముందుకి తోసి “రాయి” అన్నాడు. రాశాను. అప్పటిదాకా ఇంట్లో అందరూ నా అక్షరాలనే చూసేవారు, ఆయన మొదటిసారి నా మణికట్టుని చూశాడు. పెన్ను లాక్కుని కళ్లజోడు పైకెత్తి పాళీ కొనని చూశాడు. “నీను పాళీని లాగుతాను, నువ్వు తోత్తన్నావు. తప్పు సేతిది కాదు, కొనది. ఇన్నేళ్లూ నీను ఒక్క సేతికే దిద్దినాను” అన్నాడు. క్షమాపణ అంటే మా ఇంట్లో అంతే, దానికి మించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

కొనని అటు ఏటవాలుగా కాక ఇటు ఏటవాలుగా అరగదియ్యాలి. చెప్పడానికి సుళువే. మొదటి పాళీ మరీ అరిగి సూదైపోయింది. రెండోది తిరగేసి పట్టుకుంటేనే రాసేది. ఎన్నో పెన్నులు దిద్దిన మనిషి రెండు పాళీలు పాడుచేశాడని పంచలో మిగతా లేఖర్లు టీ తాగినంతసేపూ ఏడిపించారు. మూడోది ఆదివారం పూట, మా గుమ్మంలో, సముద్రపు నురుగు పొడి మామ్మ ఎండబెట్టిన అప్పడాల మీద పడి ఆవిడ తిడుతుండగా కుదిరింది. నా ఎడం చేతి కింద పాళీ చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

పరీక్షల ముందురోజు మేష్టారు హాజరు వేస్తుంటే ఆయన పెన్నులో సిరా అయిపోయింది. మొదటి బెంచీ నాది. చెయ్యి చాపి నా పెన్ను తీసుకుని సంతకం పెట్టబోయారు. పాళీ కాగితాన్ని పట్టుకుంది. ఆయన నొక్కారు. పట్టీ చిరిగింది, నీలం చుక్కలు మూడు వరసల పేర్ల మీద పడ్డాయి.

“ఏం పెన్నే ఇది?”

“పుర్రచేతి పెన్ను సార్. మీ చేతిని వద్దంటోంది.”

ఆ పీరియడంతా బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. నీడ బాగుంది.

పరీక్ష ఎడం చేత్తోనే రాశాను. పేపర్లు ఇచ్చిన రోజు అందరివీ ఎర్రగా ఉన్నాయి, నాది తెల్లగా, ముట్టుకోకుండా ఉంది. తాతకి చూపిస్తే మడిచి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆ వారంలోనే మేష్టారు జేబు నీలంగా చేసుకుని పంచకి వచ్చారు. ఆయన పెన్ను కారుతోంది. తాత పెన్ను అందుకోలేదు. సొరుగులోంచి నా పేపరు తీసి బల్ల మీద పరిచాడు.

“ముందు తమరు ఇది దిద్దండి సారూ. ఆనక నీను అది దిద్దుతాను.”

మేష్టారు కారుతున్న పెన్ను వంకా పేపరు వంకా చూశారు. తర్వాత అక్కడే, స్టాంపు వెండర్ దగ్గర ఎర్ర బాల్‌పెన్ను అడిగి తీసుకుని, దిద్దారు. చేతిరాతకి అయిదింటికి రెండు వేశారు. కుడిచేత్తో రాసే నా పక్క పిల్లకీ రెండే. అప్పటికి న్యాయం జరిగినట్టే.

ఇప్పుడు ఆ రేకుల పంచ లేదు. దస్తావేజులు కంప్యూటర్లో కొడుతున్నారు, బొటనవేలు గాజుపలక మీద పెడుతున్నారు. తాత పోయాడు, సానరాయి మీద మామ్మ చాకులు నూరుకుంటోంది. టెక్కలిలో పాళీ దిద్దేవాళ్లెవరని అడిగితే ‘పళ్లు’ అని విని పళ్ల డాక్టరు దగ్గరికి దారి చూపిస్తున్నారు. పోయినవాటన్నిటికీ కలిపి నన్ను ఏడవమంటే కుదరదు. ఆ కుడిచేతి రూలు కూడా పోయిన వాటిలోనే ఉంది, అది పోవాలనే కోరుకున్నాను. అది తిరిగొస్తే మళ్లీ మొదటి బెంచీలోనే కూర్చుంటాను. పెన్ను గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న సిరా పోసి రాశాను. తాత దిద్దిన కొన కాగితం మీద అప్పటిలాగే జారింది, నా చేతికి మాత్రమే.

ఇదంతా మాత్రం ఫోన్‌లో కుడి బొటనవేలితో టైపు చేశాను. చార్జరు పిన్ను వదులైంది, ఎడం చేత్తో నొక్కి పట్టుకోకపోతే చార్జింగ్ ఎక్కడం లేదు.