కారం కాని తొక్కు

ఖమ్మం దవాఖానాలో నాన్నకు ఎండోస్కోపీ చేసిన డాక్టర్, కడుపులో రెండు పుండ్లు ఉన్నాయని చెప్పి మాత్రలు రాశాడు. చీటీ చేతికిస్తూ ఒక మాట గట్టిగా అన్నాడు. "ఆరు వారాలు కారం పూర్తిగా బంద్. మాత్రలు ఎంత ముఖ్యమో ఇదీ అంతే."

అమ్మ "అవ్ సార్" అంది. నాన్న తలూపాడు. నేను ఫోన్‌లో రాసుకున్నాను: పరగడుపున మాత్ర, కొంచెం కొంచెంగా భోజనం, కారం బంద్.

నాన్న పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవర్. నొప్పి వస్తే స్టీరింగ్ మీదికి వంగిపోతున్నాడని ఓనరే ఇంటి దగ్గర ఉండమన్నాడు. పుండ్లు మానితేనే మళ్లీ లారీ. సారపాకలోని మా రెండు గదుల ఇంట్లో పగటిపూట ఆయన కనపడటం మాకూ కొత్తే, ఆయనకూ కొత్తే. రోజుకు మూడుసార్లు గేటు దాకా వెళ్లి రోడ్డు మీద పోయే లారీల టైర్లు చూసి వచ్చేవాడు.

మూడు వారాలు గడిచినా నొప్పి తగ్గలేదు. నేను మిల్లు ల్యాబ్‌లో అట్ట నమూనాలు పరీక్షించే పనిలో ఉన్నాను. నమూనా ఫెయిలైతే మేం ముందు పట్టిక గీస్తాం. ఇంట్లోనూ అదే చేశాను. నాలుగు గళ్లు: టైము, తిన్నది, ఎంతసేపటికి నొప్పి, పదికి ఎంత నొప్పి. వారం నింపాక సంగతి కొంత తెలిసింది. ఇడ్లీకి నొప్పి లేదు. పెరుగన్నానికి లేదు. కూర కలుపుకున్న ప్రతిసారీ గంటన్నరలో ఉంది. బీరకాయ కూరకు కూడా ఆరు వేశాడు నాన్న. బీరకాయ ఎవరినీ ఏమీ చెయ్యదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే వంటింటి గడపలో కూర్చుని చూశాను. అమ్మ సొరకాయ ముక్కలు మగ్గించి, జాడీ మూత తీసి, పెద్ద చెంచాతో ఎర్రగా ఏదో తీసి గిన్నెలో వేసింది.

"అమ్మా, గదేంది?"

"తొక్కు."

"డాక్టర్ కారం బంద్ అన్నడు గదనే!"

"బంద్ పెట్టిన గద. పొడి డబ్బా అటుక మీద పెట్టిన, సూస్కో. ముట్టుకుంటే ఒట్టు. ఇది తొక్కు రా, కారమేంది?"

మా ఇంట్లో కారమంటే మర పట్టించిన పొడి ఒక్కటే. తొక్కు జూలూరుపాడులో మా మేనమామ చేలో పండిన మిరపకాయలది. ఉప్పూ చింతపండూ వేసి దంచి, మూడు రోజులు ఊరబెట్టి, మెంతిపొడీ వెల్లుల్లీ కలిపి మళ్లీ నూరుతుంది అమ్మ. ఆమె లెక్కలో అది ఉల్లిగడ్డ, టమాటాల వరుసలోది. డాక్టర్ వద్దన్నది ఆమె నిజంగానే మానేసింది. పైగా పొడి లేక కూర సప్పగా ఉంటోందని తొక్కు ఇంకో చెంచా ఎక్కువ వేస్తోంది.

ముందు గదిలోంచి నాన్న గొంతు వచ్చింది. "నాకెర్కే."

"ఏంది నీకెర్క?"

"తొక్కు గూడ కారమే అని. చెప్తే ఉన్న ఒక్కటీ గుంజుకుంటరని ఊకున్న."

నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు. పొయ్యి ఆర్పి, పీట మీద కూర్చుని చేతులు చూసుకుంది. "నాలుగు వారాల సంది నా చేత్తోనే పెడ్తున్ననా," అంది. కాసేపటికి లేచి గరిటె నా ముందు పెట్టింది. "ఇగ నువ్వే వండు బిడ్డా. దేన్ని ఏమనాల్నో నాకు తెల్వకుండ అయింది."

వండాను. తొక్కు లేని కూర, చారు. నొప్పి రెండుకు దిగింది. కానీ నాన్న నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు. పళ్లెం చూడగానే భోజనం ముందటి ప్రార్థన కూడా పొట్టిదైపోయింది. పది రోజుల్లో బెల్టుకు కొత్త రంధ్రం పొడవాల్సి వచ్చింది. ఇలా తింటే పుండు మానినా లారీ తోలే సత్తువ ఉండదు.

నోట్‌బుక్కులో రాశాను. తొక్కు కూరలో చేసే పనులు: రంగు, ఉప్పూ పులుపూ, ఊరిన వాసన, చిక్కదనం, మంట. మాకు వద్దన్నది చివరిదే. మిగతా నాలుగింటినీ ఇంకో దారిలో తేవాలి.

మొదటిసారి టమాటా, బీట్‌రూట్ ఉడకబెట్టి నూరాను. రంగు అచ్చం అదే. నాన్న ఒక ముద్ద తిని నా వైపు చూశాడు.

"ఎవరి పెండ్లి రా?"

"ఏంది నాన్నా?"

"హల్వా చేసినవ్ గదా, అడుగుతున్న."

రెండోసారి చేసే ముందు, మిరియాలు వెయ్యొచ్చా అని డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగితే వద్దన్నాడు. ఎర్ర క్యాప్సికం తినొచ్చా అంటే, మంట లేనిది కాబట్టి ఉడికించి తినొచ్చన్నాడు. వంతెన దాటి భద్రాచలం మార్కెట్లో అరకిలో తెచ్చాను. కాల్చి, తొక్క తీసి, ఉప్పు, మెంతిపొడి, వేయించిన వెల్లుల్లి, చింతపండు సగానికి సగం తగ్గించి వేసి రోట్లో నూరాను. వాసన కొంచెం దగ్గరికొచ్చింది. కూరలో వేస్తే నీళ్లయింది.

"ఎర్రగైతే ఉన్నది. లోపల మనిషి లేడు," అన్నాడు నాన్న.

నీళ్లు ఎక్కువైనాయని తేల్చుకుని, మూడోసారి ముక్కలు కోసి, తూకం వేసి, రేకుల మీద ఎండబెట్టి, గంటకోసారి దించి మళ్లీ తూచాను. అప్పటిదాకా నా వంట వైపు రాని అమ్మ గుమ్మంలో నిలబడింది.

"తొక్కు చేస్తున్నవా, పేపర్ చేస్తున్నవా?"

"నీళ్లు పోవాలె గదమ్మా."

"నీళ్లు ఉప్పు గుంజుతది. నీకు అన్నీ జల్దీ కావాలె. పొద్దుగాల దంచుడు, మాపటికి తినుడు. తొక్కు గట్లయితదా? మూడు దినాలు ఊరాలె."

నా నోట్‌బుక్కులో ఊరిన వాసన ఉంది, ఊరే రోజులు లేవు. అమ్మ వాడిపోయిన ముక్కలు నా చేతిలోంచి తీసుకుని ఉప్పేసి కచ్చాపచ్చాగా దంచింది, చిన్న జాడీకెత్తి గుడ్డ కట్టింది. మూడో రోజు ఊరిన నీళ్లు వంచేసి, మిగతావన్నీ కలిపి నూరింది. ఎంత వేసిందో రాసుకుందామని అడిగితే "సూస్తున్నవ్ గదా" అంది.

ఆ పూట వంకాయ కూరలో ఆమే వేసింది. నాన్న మొదటి ముద్ద తిన్నాడు. రెండోది పెద్దగా కలిపాడు. గిన్నె ముందుకు జరిపి, "ఇంకింత వెయ్యే," అన్నాడు. అమ్మ వేసి, ఆయన ఎదురుగా కూర్చుంది. గంటన్నర తర్వాత నొప్పి ఎంతని అడిగితే సున్నా అన్నాడు. నమ్మక అరగంట ఆగి మళ్లీ అడిగాను.

ఆరు వారాల లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాం. ఆ తర్వాత చేసిన ఎండోస్కోపీలో పుండ్లు మానాయి. కారం కొద్దికొద్దిగా మొదలుపెట్టుకోవచ్చన్నాడు డాక్టర్. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పాత తొక్కు బఠానీ గింజంత తీసి అన్నం పక్కన పెట్టింది. నాన్న ఆశగా కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లాసెడు నీళ్లు తాగాడు.

"ఇది గింత మంట ఉండెనానే?"

"ఎప్పటిదే. నువ్వు ఏండ్ల సంది తిన్నదే."

ఆయన కలిపిన మిగతా అన్నం పక్కకు జరిపి, "ఆ క్యాప్సికంది పట్రా," అన్నాడు. "బుధవారం లారీ ఎక్కుతున్న. టిఫిన్ డబ్బాల గూడ గదే పెట్టు."

అమ్మ నా వైపు తిరిగింది. "అరకిలో అరకిలో తేకు. ఇప్పుడే పోయి రెండు కిలోలు తే. బుధవారానికి మూడు దినాలే ఉన్నయ్."