నత్త గీసిన గ్రాఫు

మా ల్యాబులో అతన్ని నత్త అనేవాళ్లం. ముఖం మీదే అనేవాళ్లం. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న మనిషికి కోపం తెచ్చుకునే హక్కు ఎక్కడిది?

రేడియో రిసీవరు ముందు లిమిటరని ఒక చిన్న డయోడు సర్క్యూటు ఉంటుంది. బలమైన తరంగం వచ్చి పడితే అది అడ్డుకుని, వెనకున్న సున్నితమైన యాంప్లిఫయరును కాపాడాలి. కానీ డయోడు మేలుకునేలోపే కొంత శక్తి లోపలికి దూరిపోతుంది. అదెంతో కంప్యూటరులో లెక్కగట్టడమే నత్త పని. కాలాన్ని ఇసుక రేణువులంత ముక్కలు, అంటే స్టెప్పులు, చేసేవాడు. ఒక్క గ్రాఫుకు రెండు రోజులు పట్టేది.

"ఏం తమ్ముడూ, గుడ్లు పొదుగుతోందా నీ కంప్యూటరు?" అని నేనే ఎన్నోసార్లు ఏడిపించాను.

రిసీవరు మీదికి బలమైన తరంగం వదిలి చూసే పరీక్షకు ముందురోజు సాయంత్రం మేనేజరు వచ్చాడు. మా ఇద్దరి పర్మనెంటు ఆర్డర్లూ అతని సొరుగులోనే సంతకం కోసం పడున్నాయి.

"స్టెప్పు వంద రెట్లు పెంచవయ్యా. గంటలో అయిపోతుంది."

"అలాగైతే లోపలికి దూరే ఆ మొదటి పోటు రెండు స్టెప్పుల మధ్య పడి అసలు కనిపించదు సార్."

"కనిపించకపోతే మరీ మంచిది. నీ ఆర్డరు నీకు వద్దా ఏంటి?"

నత్త నా వైపు చూశాడు. నేను తల దించుకుని కీబోర్డు మీద దుమ్ము దులుపుకున్నాను. అతను స్టెప్పు పెంచాడు. గ్రాఫు నున్నగా వచ్చింది. దాని కింద సంతకం పెట్టాడు.

మర్నాడు పరీక్షలో మొదటి పల్సుకే యాంప్లిఫయరు మాడిపోయింది. మధ్యాహ్నమే విచారణ. మేనేజరు ఆ కాగితం బల్ల మీద పడేసి, "సంతకం ఎవరిది?" అన్నాడు.

"మీరే పెంచమన్నారు కదా సార్. అక్క కూడా విన్నారు," అన్నాడు నత్త.

అందరూ నా వైపు తిరిగారు.

"నాకేం గుర్తులేదండి," అన్నాను.

సాయంత్రానికల్లా అతన్ని గేటు దాటించారు. టిఫిన్ డబ్బా మరిచిపోయాడు. దాన్ని చెత్తబుట్టలో వేసింది కూడా నేనే.

మర్నాడు నన్ను అతని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ మెషీన్లో ఏదో లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. సాయంత్రానికి పూర్తయింది. సంతకం పెట్టిన రోజే, ఎవరికీ చెప్పకుండా, పాత స్టెప్పుతో మళ్లీ మొదలుపెట్టి ఉంచాడు. గ్రాఫు మొదట్లోనే నిటారుగా ఆ పోటు. లెక్క మొదలుపెట్టినప్పుడే పక్కన ఒక మాట రాసిపెట్టుకున్నాడు: "రేపు తేడా వస్తే అక్కకు చూపించాలి. అక్క నా వైపే ఉంటుంది."

ఆ మాట మళ్లీ చదివాను. అంతలో మేనేజరు వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అందులో పనికొచ్చేదేమైనా ఉందా అమ్మా?"

"ఏమీ లేదు సార్," అని చెరిపేశాను.

మర్నాడు పొద్దున నా ఆర్డరు చేతికొచ్చింది.