పాప నడుముకు తాళంచెవి కట్టిన మేనత్త

మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా మా మేనత్త పోయింది. కడుపు ఉబ్బి, కండ్లు పచ్చబడి, ఆసుపత్రి నుంచి నగర్తపేట ఇంటికి తెచ్చిన మరుసటి పొద్దుకే పోయింది. ఆమెను చాప మీద నుంచి లేపకముందే వాకిట్లో గుసగుసలు మొదలైనాయి. "లివరంట. ఆడమనిషికి లివరెట్ల పోతాదప్పా? చాటుగా ఏమన్నా..." అంటూ దూరపు చుట్టం ఒకాయన నోటి దగ్గర బొటనవేలు ఎత్తి చూపించినాడు. నేను చూడలేదనుకున్నాడు. చూసినాను. అందుకే ఇది రాస్తున్నాను.

అయ్యలారా, అమ్మలారా, నేను పండితుణ్ణి కాను. అంగడి మూసినాక గ్రంథం చంకన పెట్టుకొని, భజన మందిరంలో నాకు తెలిసింది గొంతెత్తి చెప్పేవాణ్ణి. తాగుడు మీద ఎంత అరిచినానో ఈ పేటకంతా తెలుసు. ఎందుకు అరిచినానో కూడా తెలుసు. తొంభైల మొదట్లో మా నాయన ఇదే ఉబ్బుతో పోయినాడు. ఆయన తాగగా చూసినవాళ్ళు లేరు. తాగలేదంటే నమ్మినవాళ్ళూ లేరు. నమ్మింది ఒక్క మేనత్త, ఆయన అక్క.

అంతమాత్రాన ఆమె ఇట్టే నమ్మే మనిషి అనుకోవద్దు. అంత అనుమానం మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆనేకల్‌లో నేత ఇంటికి కోడలుగా పోయి, మొగుడు పోయినాక పుట్టింటికి వచ్చింది. జరీని వెలుతురుకు పట్టి చూసే అలవాటు అన్నిటికీ అంటింది. నెయ్యి గానీ, నూనె గానీ, డాక్టరు రాసిన టానిక్కు గానీ, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఒక కన్ను మూసి చూసి, వాసన పడితేగాని లోపలికి రానిచ్చేది కాదు. మందిరంలో నేను పంచే ప్రసాదానికీ అదే గతి. "అనుమానం దేవుడి మీద కాదు నాయనా, నెయ్యి అంగడోని మీద" అనేది.

రెండు వేలు దాటిన కొత్తలో నా కూతురికి తొమ్మిదేండ్లు. బొద్దుగా ఉందని అందరూ బుగ్గలు గిల్లి ముద్దు చేసినారు. తర్వాత ఆయాసం, మెడ చుట్టూ నలుపు. పిల్లల డాక్టరు స్కానింగు తీయించి, కాలేయానికి కొవ్వు పట్టిందన్నాడు. తీపి, బేకరీ తిండి, సీసా డ్రింకులు మానాలి, రోజూ నడవాలి. ఎదురింటి పాపకూ అదే డాక్టరు, అదే పథ్యం. ఇద్దరూ కలిసే నడిచినారు. కొన్నాళ్ళకు ఆ పాప పరీక్షలు బాగున్నాయి. మా పాప ఒళ్ళు కొంచెం తగ్గింది గాని, కాలేయం మాత్రం ఉన్నట్టే ఉంది.

"దొంగగా తింటాంది" అన్నారు ఇంట్లో అందరూ. నేను బడి వ్యాను డ్రైవరును అడిగినాను. బేకరీవాణ్ణి నిలదీసినాను. "నా బన్నులు తిని లావైంది నేనొక్కణ్ణే స్వామీ, చూసుకోండి" అని వాడు పొట్ట చూపించినాడు. చక్కిలాల డబ్బా ఉన్న సామాన్ల గదికి తాళం పడింది. తాళంచెవి మేనత్త నడుముకు చేరింది.

పాప తలెత్తి అన్నం తినడం మానేసింది. వంటింట్లోకి ఎవరు వచ్చినా రెండు చేతులూ చాపి చూపించేది, ఖాళీగా ఉన్నాయని. అది మేనత్త కంట పడింది. ఆ పొద్దే తన నడుము నుంచి తాళంచెవి విప్పి పాప లంగా నాడాకు కట్టింది.

"ఏందత్తా ఇది? దొంగ అంటాంటే దాని చేతికే తాళమా?"

"దొంగో కాదో తేలాల కదప్పా. అనుమానపడితే పూర్తిగా పడాల. సగంలో నిలిపితే అది నింద."

"నిగ్రహం గురించి గ్రంథంలో..."

"నీ గ్రంథంలో పాప లివరు సంగతి ఉండాదా? ఉంటే చదువు. లేకుంటే నోరు మూసుకొని సుమ్నే ఉండు."

లేదు. గ్రంథం మూసి చంకన పెట్టుకున్నాను.

డబ్బాలో చక్కిలాలు పేర్చినవి పేర్చినట్టే మెత్తబడినాయి. తర్వాతి పరీక్షా అట్లే వచ్చింది. ఈసారి మేనత్తే డాక్టరు ముందు కూర్చుంది.

"మా పాప దొంగ కాదు సామీ. నడక ఎగ్గొట్టలేదు. ఇంక మీ పథ్యాన్నన్నా అనుమానించాల, మా రక్తాన్నన్నా అనుమానించాల. ఏది?"

డాక్టరు నవ్వలేదు. ఇంట్లో ఇంకెవరికైనా కాలేయం జబ్బు ఉండిందా అని అడిగినాడు. నేను నేల చూపులు చూసినాను. ఆమె మాత్రం సూటిగా చూసి చెప్పింది: "దీని తాతకు. నా తమ్ముడు. ఉబ్బొచ్చి పోయినాడు. చుక్క ముట్టలేదు. వాసన పట్టేదాన్ని నేను, రోజూ పక్కన కూర్చోని అన్నం పెట్టినదాన్ని."

కొందరి కాలేయం పుట్టుకతోనే కొవ్వును తొందరగా పట్టుకుంటుందట. అందుకే ఒకే పథ్యం అందరు పిల్లలకూ ఒకే తీరున పనిచేయదట. వంశంలో ఏది అట్లా చేస్తుందో ఇంకా వెతుకుతున్నారట. "మీ తమ్ముణ్ణి నేను చూడలేదు, ఖాయంగా చెప్పలేను. కానీ తాగకుండా కూడా అట్లా అవుతుంది. పాప తప్పేం లేదు. ఇంకా ఎక్కువ రోజులు పట్టుదలగా చేయాలి, అంతే" అన్నాడు. మేనత్తనూ స్కానింగు తీయించుకోమన్నాడు. తీయిస్తే, ఎముకల గూడులాంటి మనిషికి కాలేయం అప్పటికే గట్టిపడి ఉంది.

ఆ మాట విని ఆమె మొగం వెలిగిపోయింది. "చూస్తివా అప్పా! వాడు తాగలేదు" అనింది. తన జబ్బు గురించి ఒక్క ముక్క లేదు.

కర్మ అంటే నవ్వేవాళ్ళు జీన్ అంటే తలూపుతారు. నాకు రెంటి మీదా అనుమానం పూర్తిగా పోలేదు. కానీ ఆ పొద్దు నుంచి మేనత్త పాపతో పాటే తినింది, పాపతో పాటే నడిచింది. ఏండ్లు పట్టినా పాప కాలేయం దారికొచ్చింది. ఆమెది రాలేదు.

శుక్రవారం తల దగ్గర దీపానికి నూనె కావాల్సి వచ్చింది. సామాన్ల గదికి తాళం. మేనత్త నడుముకు తాళంచెవి లేదు. చుట్టాలు ఒకరి మొగం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. కాలేజీకి పోయే నా కూతురు లేచి, తన నడుము నుంచి తాళంచెవి తీసి గది తెరిచింది. నూనె సీసా కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఒక కన్ను మూసి వెలుతురుకు పట్టింది. వాసన చూసింది. ప్రమిదలో పోసింది. తర్వాత అదే కంటితో, అట్లే, వాకిట్లో ఉన్న ఆ చుట్టాన్ని చూసింది.

ఆయన బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకున్నాడు.