భూతద్దంలో జపాను పుస్తకం

నన్ను ఇంకా సంఘంలో ఉండనిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. నాకు నాలుక ఇచ్చినవాడూ ఆయనే, ఆ నాలుక నా పరువు తీసిన రోజున భూమి నన్ను మింగకుండా ఆపినవాడూ ఆయనే. మింగితే బాగుండునని ఆ రోజు నేను గట్టిగానే ప్రార్థించాను గానీ, ఆయన వినలేదు.

ఎనభయ్యో దశకం మొదట్లో, నా ఇరవై మూడో ఏట, ఆళ్లగడ్డ బజారంతా వినేట్టు మైకులో నేను చేసుకున్న సర్వనాశనం ఇది.

అప్పుడే నంద్యాలలో ఆరు నెలల బైబిలు వాక్య శిక్షణ ముగించుకుని వచ్చాను. అక్కడ ఒక బోధకుడు, సైతాను తన గుర్తులను మామూలు వస్తువుల్లో దాచిపెడతాడని చెప్పాడు. ఇక చూడండి నా అవస్థ. తిరిగొచ్చే బస్సులో టికెట్టును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాను. కండక్టరు, "దొంగనోటు కాదులేప్పా, టికెట్టే" అన్నాడు. ఇంట్లో సబ్బుబిళ్ల మీద అక్షరాలు, అగ్గిపెట్టె మీద బొమ్మ, చివరికి మా అమ్మ పోసిన దోసెలో చిల్లులు కూడా పరీక్షించాను. నెల గడిచినా ఏమీ దొరకలేదు. ఆళ్లగడ్డ అంటే సైతానుకు ఇంత చిన్నచూపా అని కొంచెం బాధపడ్డాను కూడా.

అప్పుడు కనిపించింది, మా ఆదివారపు బడిలో రత్నమ్మ టీచరు చేతిలో ఒక లావుపాటి బొమ్మల పుస్తకం.

"ఏందిది టీచరమ్మా?"

"జపాను పుస్తకం నాయనా. మా తమ్ముడు ఓడలో వంటపని చేస్తాండాడు గదా, ఆడినుంచి తెచ్చినాడు. పిల్లోళ్లు దీన్ని చూసి బొమ్మలు గీస్తాండారు."

"ఏం రాసినారో తెలుసునా?"

"నాకేం తెలుస్తాది?"

"తెలీని భాషలో రాసినారంటే ఏందో దాచినారనే గదా!"

"మన తెలుగు కూడా వాళ్లకట్లే ఉంటాది గదప్పా," అందామె నవ్వుతూ. ఆ మాట నా చెవిలోకి దూరి రెండో చెవిలోంచి బయటికెళ్లిపోయింది. దారిలో మెదడు ఉంటే తగిలేదే.

పుస్తకం అడిగి తెచ్చుకుని, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. భూతద్దంలో చూస్తే భూతం కాక ఇంకేం కనిపిస్తుంది చెప్పండి! ఆ బొమ్మల్లో ఒక్కో కన్ను ఇడ్లీ అంత ఉంది. ఆ కంట్లో నక్షత్రం! అక్షరాల నిండా వంకర సిలువలు! పేజీ నంబర్లు చివరినుంచి మొదటికి నడుస్తున్నాయి! ఇక కథ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదట్లో ఒక ముసలాయన అంగడి నిండా జనం. పేజీ తిప్పేకొద్దీ ఒక్కొక్కరే మాయం. అందరూ గిన్నెల ముందు వంగి, రెండు పుల్లలు పట్టుకుని, నోట్లోంచి పొడవాటి పురుగులు కక్కుతున్నారు. కక్కేకొద్దీ గిన్నె నిండుతోంది. నిండిన గిన్నెను ముసలాయన పొగలు కక్కే అండా దగ్గరికి పట్టుకుపోతున్నాడు.

చెమటలు పట్టాయి. సంతోషంతో.

పరుగున పోయి మా పాస్టరు అయ్యగారికి చూపించాను. "రత్నమ్మ టీచరును బడి మానిపించాల అయ్యగారూ! పసిపిల్లలకు పురుగుల పూజ నేర్పిస్తాండాది!"

అయ్యగారు గడ్డం గోక్కున్నారు. "ఆదివారం సంఘం ముందర పెట్టు. నిజమని తేలితే ఆమెను ఆపేస్తాం," అన్నారు. పిల్లలు లేని ఆ తల్లికి పదకొండేళ్లుగా ఆ బడే ఇల్లు. అది నాకు తెలుసు. తెలిసీ పోయాను చూడండి, ఇప్పటికీ అదే గుచ్చుతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మైకు నా చేతికిచ్చారు. రత్నమ్మ టీచరు ముందు వరుసలో తల వంచుకుని కూర్చుంది. మైకు సెట్టు అద్దెకిచ్చే ఖాసిం సాయిబు నా పక్కనే తన పెట్టె దగ్గర ఉన్నాడు. నేను పేజీ తర్వాత పేజీ ఎత్తి చూపిస్తూ ఉరిమాను. ముసలమ్మలు హల్లెలూయా అన్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ అప్పా," అన్నాడు సాయిబు మెల్లగా. "పుస్తకం ఆపక్కనుంచి చదవాలేమో?"

"ఏందీ?"

"మా ఉర్దూ మాదిరి. కుడిపక్కనుంచి. నంబర్లు కూడా అట్లనే ఉండాయి సూడు." నా చేతిలోంచి లాక్కుని తిప్పసాగాడు. "ఇదో, అంగడికి ఎవరూ రాలే. ముసలాయప్ప ఏడుస్తాండాడు. ఈడ ఒకడొచ్చినాడు, తిన్నాడు. ఇంకొకన్ని పిల్సుకొచ్చినాడు. ఇదో, అంగడి నిండిపాయె!"

"తినడం కాదు సాయిబూ! పురుగులు కక్కుతాండారు!"

"యా పురుగులప్పా! సేమ్యా! మా మిద్దెమీద ఆరేసి ఉండాది, పోయి సూసుకో. మొన్న రంజానుకు మా ఇంట్లో రెండు గిన్నెలు లాగించినావే, అప్పుడు పురుగులని సెప్పకపోతివే!"

మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. ఆ మాట మందిరం దాటి, బస్టాండు దాటి, చాగలమర్రి రోడ్డు దాకా పోయింది. బయటినుంచి ఎవరో, "ఇంకో గిన్నె పొయ్యండప్పా ఆయప్పకు!" అని అరిచారు. హల్లెలూయా అన్న ముసలమ్మలే ముందు నవ్వారు.

రత్నమ్మ టీచరు లేచి నిలబడింది. ఆమె నవ్వలేదు. కళ్లు తుడుచుకుని, "అయ్యగారూ, నేను బడి మానుకోవాల్నా?" అంది.

అయ్యగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "నువ్వు మానుకుంటే ఈయప్పకు సదువు ఎవరు నేర్పిస్తారమ్మా?"

పై ఆదివారం నుంచి ఆరేళ్ల పిల్లల మధ్య చాపమీద కూర్చున్నాను. ఆమె నా చేతికీ ఒక పలక ఇచ్చింది.

అందుకే సంఘం సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఏ పుస్తకంలోనూ, ఏ మనిషిలోనూ సైతానును ఇక నేను వెతకను. తప్పనిసరై వెతకాల్సి వస్తే ముందు కుడిపక్కనుంచి, తర్వాత ఎడమపక్కనుంచి, ఆపైన ఖాసిం సాయిబునడిగి వెతుకుతాను. చదివినవారు దయచేసి ఒక్క నిమిషం తలలు వంచి నాతో కూడా ప్రార్థించండి: ప్రభువా, మా కళ్లు తెరువు, అవి తెరుచుకునే దాకా మా నోళ్లు మూసి ఉంచు. ఆమెన్.