శాలువాల మీద సినిమా

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు రాదని కాదు, వస్తే మంచినీళ్ళు తాగి ఊరుకుంటున్నాను. అప్పట్లో తాగేవాణ్ణి కాదు. చదువైపోయి గాలికి తిరుగుతున్న నన్ను విజయవాడ భవానీపురంలో ఒక మేడ మీది సంస్థవాళ్ళు ఉద్యోగంలోకి తీసుకున్నారు. పల్లెటూరివాళ్ళకి కెమెరా ఇచ్చి, నేర్పించి, వాళ్ళ కష్టాల మీద వాళ్ళచేతే చిన్న సినిమాలు తీయించి, ఆ కష్టం తీర్చగల అధికారికి చూపించడం మా పని. (మా అమ్మ మాత్రం "మావాడు సినిమాల్లో చేరాడు" అని చుట్టాలందరికీ చెప్పేసింది. మా బాబాయి కూతురి పెళ్ళికి హీరోయిన్ని తీసుకురమ్మని నా ప్రాణం తోడేశారు.) మా పెద్దాయన నోరు తెరిస్తే "విజన్" అనేవారు గనక మేమంతా చాటున ఆయన్ని విజన్ గారు అనేవాళ్ళం. మనిషి బంగారమే గానీ, సభల పిచ్చి ఒకటుండేది. నలుగురు ఒకచోట కనబడితే చాలు, వేదిక వెయ్యాలి, దీపం వెలిగించాలి, దొరికినవాడికల్లా శాలువా కప్పాలి.

చల్లపల్లి అవతల కాలువ చిట్టచివర ఒక ఊరుంది. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేసరికి ఊరి మంచినీళ్ళ చెరువు కాస్తా ఉప్పు తేలింది. ఆ ఊళ్ళో కుట్టుమిషను మీద బతికే ఒకావిడ మా కెమెరా పట్టుకుని పావుగంట సినిమా తీసింది. మంచినీళ్ళ టిన్నులు అమ్మే ఆటో కోసం ఆడవాళ్ళు ఎండలో నిలబడటం, స్నానం చేసిన పిల్లలు ఒళ్ళు గోక్కోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా, పొయ్యి మీద టీ మరుగుతూ మరుగుతూ ఆ ఉప్పునీళ్ళకి పాలు విరిగిపోవడం. ఆ షాటు చూసి నేను నోరెళ్ళబెట్టాను. ఊరంతా ఆవిణ్ణి కెమెరా అక్క అనడం మొదలుపెట్టింది. పక్క ఊరి ట్యాంకు నుంచి పైపు వేయించగలిగింది మంచినీళ్ళ శాఖ ఇంజనీరు గారొక్కరే. ఆయన చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఒక మధ్యాహ్నం గంటసేపు వస్తానన్నారు.

పొద్దున్నే వెళ్ళి ఆ ఊరి కమ్యూనిటీ హాల్లో గోడకి తెర కట్టాం, కిటికీలకి టార్పాలిన్లు కట్టాం. టీ తాగి వచ్చేసరికి, ఏముంది, తెరకి సరిగ్గా ముందు వేదిక, దాని మీద వరసగా సింహాసనాల్లాంటి కుర్చీలు! "సార్, మరి సినిమా?" అన్నాను. "సభ అయ్యాక కుర్చీలు తీసేస్తాం కదయ్యా. ప్రోటోకాల్ అంటూ ఒకటుంటుంది" అన్నారు విజన్ గారు. ఇక మొదలైంది. ఫ్యాను గాలికి దీపం ఆరిపోతుంది, ఫ్యాను ఆపితే పెద్దలకి చెమట పడుతుంది. ఫ్యాను ఆపి, దీపం వెలిగించి, ఫ్యాను వేసి, మళ్ళీ వెలిగించి... ఆ తర్వాత ఇంజనీరు గారు, ప్రెసిడెంటు గారు, మాజీ ప్రెసిడెంటు గారు, ఆయన బావమరిది, వీళ్ళందరికీ శాలువాలు, ఒక్కొక్కరికీ ఫొటోలు. (మంచినీళ్ళు లేవని సినిమా తీసిన ఊళ్ళో వేదిక నిండా నీళ్ళ సీసాలు. అదైనా ఎవరికీ తట్టలేదు.) విజన్ గారు మైకు పట్టుకుని స్వతంత్ర సినిమా ఆవశ్యకత గురించి మొదలుపెట్టారు. ఆయనకి ఆవశ్యకత దొరికిందంటే వదిలే రకం కాదు. ప్రొజెక్టరు పక్కన నేను పళ్ళు నూరుతున్నాను.

ఇంజనీరు గారు గడియారం చూసుకున్నారు. కాసేపటికి మళ్ళీ చూసుకుని, పక్కాయన చెవిలో ఏదో చెప్పి, కుర్చీ అంచుకి జరిగారు. కెమెరా అక్క నా దగ్గరికి వచ్చింది. "ఆయన లేచిపోయేట్టున్నాడు తమ్ముడూ. వెళ్ళిపోతే ఇంకెవరికి చూపిస్తాం? మాకా? మేం రోజూ చూస్తానే ఉన్నాంగా!" అంది. "సార్ ఊరుకోరక్కా" అని నేను నసిగేలోపే, "లైట్లు తీసెయ్యండే!" అని ఆడవాళ్ళకి కేకేసి, తనే ప్రొజెక్టరు మీట నొక్కేసింది.

సినిమా నేరుగా వెళ్ళి పెద్దల మీద పడింది. ప్రెసిడెంటు గారి తెల్ల చొక్కా మీద పచ్చటి చెరువు నీళ్ళు పారాయి. విజన్ గారి మొహం మీద నుంచి బిందెలు వరసగా నడిచి వెళ్ళాయి. ఇంజనీరు గారి శాలువా మీద టీ మరిగి, మరిగి, అందరి కళ్ళెదుటా విరిగిపోయింది. హాలంతా గొల్లుమంది. ఆయన తన పొట్ట వంక చూసుకుని, వెనక్కి తిరిగి తెర చూసి, వేదిక దిగి వచ్చి ఆడవాళ్ళ ముందు చాప మీద కూర్చున్నారు. "మళ్ళీ మొదట్నుంచి వెయ్యమ్మా" అన్నారు. ఆయన దిగాక మిగతావాళ్ళు పైన ఎలా కూర్చుంటారు, పాపం! (విజన్ గారు నాతో వారం రోజులు మాట్లాడలేదు. రిపోర్టులో మాత్రం "అతిథులనే తెరగా మలచిన వినూత్న ప్రదర్శన" అని రాసుకున్నారు.)

పైపు వెంటనే రాలేదు. ఇంజనీరు గారు బదిలీ అయిపోయారు, ఆ తర్వాత వచ్చినాయన్ని కూర్చోబెట్టి కెమెరా అక్క ఫోన్లోనే సినిమా చూపించింది. చివరికి ఒకరోజు ఫోన్ చేసి, "కుళాయి వచ్చింది తమ్ముడూ, నువ్వు రాకపోతే ఒప్పుకోను" అంది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. చూద్దును కదా, అదే హాలు, వేదిక, కుర్చీలు, దీపం! "సినిమా వెయ్యవా అక్కా?" అన్నాను. "ఇంకెందుకయ్యా సినిమా, నీళ్ళొచ్చేసినాయిగా! ఎక్కి కూర్చో, శాలువా కప్పాలి" అంది. కప్పారు. మైకు కూడా ఇచ్చారు. రెండు ముక్కలు చెబుదామనే లేచాను గానీ, స్వతంత్ర సినిమా అన్నాను, సామాజిక మార్పు అన్నాను, సిగ్గు విడిచి విజన్ అని కూడా అన్నాను. ఒకప్పుడు ప్రొజెక్టరు పక్కన పళ్ళు నూరిన ఆ కుర్రాడే గనక అక్కడుంటే నా మొహం మీద లైటు వేసేసేవాడు, వెర్రి నాయన.

"ఇక చాల్లే తమ్ముడూ, టీ చల్లారిపోతంది" అంటూ కెమెరా అక్క మైకు లాక్కుని గ్లాసు చేతిలో పెట్టింది. అందరూ నవ్వుతున్నారు. నేను గ్లాసులోకి చూశాను. పాలు విరగలేదు.