తాడు ఎరగని షెడ్డు

కొత్తకోట బస్టాండు దాటి బెంగళూరు దారిలో కొంచెం ముందుకు పోతే, ఎడమచేతి పక్కన తాజుద్దీన్ మిస్త్రీ షెడ్డు. తాడు కట్టి ఈడ్చుకొచ్చిన బండ్లు ఆ షెడ్డుకు ఎన్నో వచ్చాయి. మళ్లీ తాడుతో బయటికి పోయిన బండి మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కటీ లేదు. ఆయన చెప్పుకున్న గొప్ప కాదది, టాక్సీ అడ్డాలో అందరూ ఒప్పుకున్న మాట.

నాలుగో తరగతి చదివిన మనిషి. వరదకు ఊకచెట్టు వాగులో మునిగిన జీపును విప్పి, ముక్కముక్కా ఆరబెట్టి, మరునాడే నడిపించాడు. రోడ్డు మీద పోయే అంబాసిడర్ చప్పుడు విని ఏ వాల్వు కాలిందో కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. కాంటాక్టు పాయింట్ల నడుమ సందు పెట్టడానికి ఆయనకు కొలత బిళ్ల అక్కర్లేదు. పోస్టుకార్డు అంచు దూర్చి లాగితే చాలు, ఆ బిగువు వేళ్లకు తెలిసిపోయేది. పాలమూరు కాంట్రాక్టర్లు ఆయన కోసం మనిషిని పంపేవారు.

తొంభైతొమ్మిది ఎండాకాలంలో గుర్వయ్య కారు వచ్చింది. గుర్వయ్య అడ్డాలో కిరాయికి తిప్పుకునేవాడు. కార్బురేటర్ బదులు కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం కారు ఆ ఊళ్లో మొదట కొన్నది అతనే.

"మామా, పొద్దుగాల మంచిగనే ఉరుకుతది. జర వేడెక్కిందంటే ఆగుతది. సల్లబడ్డదంటే మళ్ల లేస్తది. దయ్యం పట్టినట్టున్నది."

"దయ్యమైతే దర్గకు తోలకపోయినవ్? నా కాడికెందుకొచ్చినవ్, అల్లుడా?"

ఎండకు ఆగిన బండికి ఆయన చేసే మొదటి వైద్యం తడిగుడ్డ. ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మీద వేస్తే పాత బండ్లన్నీ లేచేవి. ఈ బండిలో పంపు పైకి కనబడలేదు. అందుకని బండిని బాగా వేడెక్కనిచ్చి, ఆగిపోయాక ఒక్కొక్క చోట తడిగుడ్డ వేస్తూ వచ్చాడు. పెట్రోలు గొట్టం మీద వేశాడు, లేవలేదు. కాయిల్ మీద వేశాడు, లేవలేదు. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వే లేదు. చివరకు కింద క్రాంకు పుల్లీ పక్కన బొటనవేలంత నల్లటి ముక్క మీద గుడ్డ చుట్టి, బీడీ కాల్చుకుని వచ్చి తాళం తిప్పాడు. ఇంజను లేచింది.

క్రాంకు తిరుగుడు లెక్కబెట్టి లోపలి కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ అది. అది చెప్తేనే రవ్వ పుడుతుంది. పక్క దుకాణంలో రేడియోలు బాగుచేసే అహ్మద్ అలీ మీటరు తెచ్చి వైర్లకు పెట్టాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు లేచింది. ఊడదీసి వేడినీళ్లలో ముంచి పెడితే ముల్లు కదలలేదు.

"లోపల తీగ తెగింది తాజు భాయ్. వేడికి విడిపోతాంది, సల్లబడితే అతుకుతాంది."

గుర్వయ్య మొహం వెలిగింది. "అయితే ఫికర్ లేదు మామా. రేపు తెల్లారంగనే బయల్దేరుత. తొవ్వల తడిగుడ్డ ఏస్కుంట ఏస్కుంట హైదరాబాద్ పోయి కొత్తది ఏయిస్త."

అతను ఇంటికి పోయాడు. బండి తన కాళ్ల మీద తాను పోతుంది, షెడ్డు పేరు నిలబడుతుంది. తాజుద్దీన్‌కు అంతే కావాలి. కానీ రోగం కనిపెట్టి, బాగుచేయకుండా బండిని పంపడం ఆయన చేతికి అలవాటు లేదు. సెన్సర్‌ను మళ్లీ బిగించలేదు. అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. మర లేదు, మూత లేదు.

"గది విప్పేది కాదు భాయ్, పోతపోసిన్రు," అన్నాడు అహ్మద్ అలీ.

"పోసినోడు మనిషే గద."

టంకం కడ్డీ కాల్చి ప్లాస్టిక్కును కరిగించాడు. లోపల వెంట్రుక కన్నా సన్నని తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. తెగిన కొస కోసం గోటితో కదిపాడు. చుట్టంతా పొట్టులాగా రాలింది.

పొద్దున గుర్వయ్య వచ్చి తాళం తిప్పాడు. మోటారు తిరిగింది. ఇంజను అంటుకోలేదు. దిగి వచ్చి, తాజుద్దీన్ ముందున్న తీగ పొట్టు చూశాడు.

"నడిచేదాన్ని ఎందుకు విప్పినవ్ మామా?"

"నడుస్తలేదు గద, అల్లుడా."

"సల్లగున్నప్పుడన్న నడిచె!"

గుర్వయ్య అడ్డాకు పోయి హైదరాబాద్ పోయే లారీని మాట్లాడుకొచ్చాడు. లారీ డ్రైవరు తాడు ముడి వదులుగా వేస్తుంటే తాజుద్దీన్ అతన్ని పక్కకు జరిపి, నేల మీద కూర్చుని తానే బిగించాడు. ముప్పై ఏళ్లు విప్పిన ముడి అది, కట్టడం అదే మొదలు.

"ఆడ మిస్త్రీకి ఏం పోయిందని చెప్పాలె?" అనడిగాడు గుర్వయ్య.

"సెన్సరని చెప్పు. వేడికి పోతుండెనని చెప్పు."

కారు అడ్డా ముందు నుంచే పోయింది. "ఏం మిస్త్రీ! నీ కాడ్నుంచి గూడ తాడేనా?" ఎవరో అరిచారు, నలుగురు నవ్వారు.

నాలుగు దినాలకు గుర్వయ్య తిరిగొచ్చాడు. కారు షెడ్డు ముందు నెమ్మదించింది. "నువ్వు చెప్పిందే మామా, అదే ఏసిన్రు," అని కిటికీలోంచే చెప్పి సాగిపోయాడు. ఆ మాట విన్నది తాజుద్దీన్ ఒక్కడే.

తర్వాత అడ్డాలో కొత్త రకం కార్లు పెరిగాయి. వాటికేమన్నా అయితే డ్రైవర్లు నేరుగా లారీనే మాట్లాడుకున్నారు. తాజుద్దీన్ షెడ్డు ముందు స్టూలు వేసుకుని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ కూర్చునేవాడు. కొత్తవన్నీ ఒకే తీరుగా పోయేవి. దేనికి ఏ రోగం ఉందో ఆ చప్పుడులో ఆయనకు వినిపించేది కాదు.