యాదగిరి మామ కాళ్లు

మా ల్యాబ్ కిటికీ కింద తోటమాలి గులాబీలకు మందు కొడుతున్నాడు. కుళ్లిన వెల్లుల్లి లాంటి ఆ వాసన పైకి రాగానే పని ఆపేసి కిటికీ మూస్తాను. ఎంజైముల మీద పనిచేయబట్టి ఇన్నేళ్లయినా అప్పుడు గుర్తొచ్చేది వాటి పేర్లు కాదు. నాచారంలో మా రేకుల ఇంటి ముందు తీగ మీద ఆరేసిన యాదగిరి మామ ఖాకీ చొక్కా.

మామ మా అమ్మకు తమ్ముడు. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి, పురుగుల మందు కంపెనీలో డబ్బాలు నింపే పనికి కుదిరి, మాతోనే ఉండేవాడు. ఆషాఢంలో బోనాలొచ్చాయంటే గల్లీ అంతా వేపాకు, పసుపు, ఉడుకుతున్న మటన్ వాసన. డప్పు మోగేసరికి మామ నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఉప్పల్ రోడ్డు దాకా ఆడుకుంటూ పోయేవాడు, అతని కాళ్లు వేసే దరువు పైనున్న నా పళ్లలో దడదడలాడేది.

ఒక ఏడు బోనాలకు ముందు, పట్టపగలు, తోటి పనివాళ్లు మామను ఆటోలో తెచ్చి దింపారు. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ. చూసినవాళ్లు తాగిండన్నారు. అమ్మ అతని మూతి దగ్గర వంగి వాసన చూసి, "తాగలే! మావోడు తాగలే!" అని అరిచింది. అదే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంతే ఉంది. బట్టలు కత్తిరించి తీయించింది, ఒళ్లంతా సబ్బుతో కడిగించింది, సూది మీద సూది ఇచ్చింది.

"ఏమైందమ్మా మా తమ్మునికి?" అని అమ్మ ఏడ్చింది.

"కండను కదులుమని నరం కబురు పంపుతది. కబురు అందినంక దాన్ని తుడిచేసేది ఒకటి ఒంట్ల ఉంటది. ఈ పురుగుల మందు దాన్ని పట్టేసింది. ఇగ కబురు ఆగుతలేదు," అంది డాక్టరమ్మ.

గోడకు ఆనుకుని నేను విన్న ఆ మాటే, ఏళ్ల తర్వాత డిగ్రీ క్లాసులో ఒక ఎంజైము పేరై బోర్డు మీద కనిపించింది. అందరూ రాసుకుంటున్నారు. నేను దాని పక్కన మామ పేరు రాసుకున్నాను.

మామ బతికాడు. బోనాలనాడు మంచంలో కూర్చుని గారెలు కూడా తిన్నాడు. గండం గడిచిందనుకున్న కొన్ని వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఆ తర్వాత మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. ఒంట్లోంచి విషం పోయాక కూడా నరం చివర నుంచి ఎందుకు ఎండుకొస్తుంది? దానికి కారణం బోర్డు మీద చూసింది కాదు, ఆ మందే పట్టేసిన వేరే ఎంజైము. నా పరిశోధన అంతా ఆ కొన్ని వారాల మీదే.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు, ఆ చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. రేకుల ఇళ్లు పోయాయి, డప్పు పోయి డీజే వచ్చింది. మామతో డబ్బాలు నింపినవాళ్లు ఎక్కడున్నారో, ఎట్లా నడుస్తున్నారో చెప్పేవాళ్లు లేరు. దమ్మాయిగూడలో మా దగ్గరే ఉంటున్న మామకు, నా పని ఒక కొలిక్కి వచ్చిందని మొన్న ఆదివారం చెప్పాను.

"అంటే, నా కాళ్లు ఎందుకు పోయినయో ఎరుకైందా కోడలా?"

"చానామట్టుకు ఎరుకైంది మామా."

"మరి మళ్ల వస్తయా?"

"రావు మామా. ఇంక ముందట వేరేటోళ్లకు పోకుండ చెయ్యొచ్చేమో."

"వేరేటోళ్లకు," అన్నాడు మామ. రెండు చేతులతో ఎడమ కాలు ఎత్తి పీట మీద పెట్టుకున్నాడు.